మోహనకు మార్పు పడదని రాసివ్వగలరు

పలమనేరు,
ఫిబ్రవరి 10, సోమవారం.

చిగురు శిశువిద్యాలయం టీచరు కుమారి నిస్సీ గారి సముఖమునకు, రిటైర్డు బస్టాండు కంట్రోలరు గోవిందయ్య నమస్కరించి రాయునది.

విషయం: నా మనవరాలు మోహన (వయసు నాలుగేళ్ల ఐదు నెలలు) మార్పునకు తగదని ధ్రువీకరించుట గురించి.

అమ్మా, ఈ ముక్క ఫోనులో చెప్పొచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఫోనులో చెప్పిన మాటకు రికార్డు ఉండదు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని ముప్పై మూడేళ్లు ఈ ఊరి బస్టాండులో రాసి పెట్టినవాణ్ణి. రాయనిది జరగనట్టే. కాబట్టి ఈ ఉత్తరాన్ని మోహన బ్యాగులో పెట్టి పంపుతున్నాను. జవాబు కూడా అందులోనే పెట్టండి.

నా కూతురు కోమలి, అల్లుడు బాలచంద్ర ఇద్దరూ శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనిలో ఉన్నారు. ఇన్నాళ్లూ నలుగురితో కలిసి ఉండే గదుల్లో సర్దుకున్నారు గనక, ఏడాదిన్నర వయసు నుంచి మోహన నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు వాళ్లు అక్కడికి దగ్గర్లోని వరదయ్యపాళెంలో ఇల్లు తీసుకున్నారు. ఏప్రిల్‌లో బడి మూయగానే పిల్లను తీసుకుపోతామంటున్నారు. దీనికి నేను అభ్యంతరం తెలిపాను.

కారణం చెప్తాను. మోహన ఉదయం ఆరూ పదికి పాలు తాగుతుంది. అదీ అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసులోనే. వేరే గ్లాసులో పోస్తే ముట్టదు. ఎనిమిదీ ఐదుకు గడప దాటాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే నా వైపు చూసి మొహం మాడ్చుకుంటుంది. గ్లాసు మారితేనే ఓర్చుకోలేని పిల్ల ఊరు మారితే ఓర్చుకుంటుందా? ఈ మాటే కోమలితో అంటే, “సరే నాయనా, టీచరమ్మ ఏం చెప్తే అది. ఆయమ్మ వద్దంటే ఇంకో ఏడాది నీకాడే ఉండనీ” అంది. నేనూ ఒప్పుకున్నాను. కాబట్టి తీర్పు మీ చేతిలో ఉంది. మోహనకు మార్పు పడదని రాసివ్వగలరు.

ఇట్లు,
భవదీయుడు,
గోవిందయ్య

తా.క. మీకు శ్రమ ఎందుకని ఆ ధ్రువపత్రం నేనే రాసి జతచేశాను. కింద సంతకం పెడితే చాలు. నాలుగో వరుసలో ‘కంట నీరు వరదలై’ అన్నది ఎక్కువైందనిపిస్తే కొట్టేయండి.


పలమనేరు,
ఫిబ్రవరి 11.

గోవిందయ్య సార్ గారికి నిస్సీ వందనాలు.

సార్, మీరు రాసిన ధ్రువపత్రం చాలా బాగుంది. నాలుగో వరుసను కొట్టేయలేదు. అయినా సంతకం పెట్టలేను. నాలుగేళ్ల పిల్లకు ‘ఇది పడదు’ అని ఇప్పుడే ముద్ర కొట్టేస్తే, ఆ ముద్రతోనే పెరుగుతుంది. నాకది ఇష్టం లేదు.

ఒక నెల నాకివ్వండి. ఇంట్లో కొన్ని ఆటలు ఆడించండి. ఒకే వస్తువును రెండు రకాలుగా చూడొచ్చని, నిన్నటి రూలు ఈరోజు మారొచ్చని ఆటలో తెలిస్తే, నిజంగా ఏదైనా మారినప్పుడు పిల్లలు అంతగా బెదరరు. పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న మూతలన్నీ కుప్ప పోసి రంగుల ప్రకారం వేరు చేయమనండి. సగంలో ఆపి, ‘ఇప్పుడు సైజు ప్రకారం’ అనండి. ఇంకోటి తిరకాసు ఆట: కూర్చో అంటే నిలబడాలి, నడువు అంటే ఆగిపోవాలి. ఇంకోరోజు చెంచా ఇచ్చి, తినడానికి కాకుండా ఇది ఇంకెందుకు పనికొస్తుందో అడగండి. అప్పుడప్పుడు పాల గ్లాసు మార్చి చూడండి.

నెల తర్వాత నాకు కనబడిన నిజమే రాసిస్తాను. అది మీకు నచ్చేదైనా, కోమలి అక్కకు నచ్చేదైనా.

ఉంటాను సార్,
నిస్సీ

తా.క. ఆటలో మీరు కూడా ఆడాలి. పక్కన కుర్చీ వేసుకుని గడియారం చూడటం ఆడటం కిందికి రాదు.


పలమనేరు,
ఫిబ్రవరి 18, మంగళవారం.

నిస్సీ టీచరు గారికి నమస్కారములు.

విషయం: మొదటి వారం ఆటల నివేదిక.

మీ ఆదేశం ప్రకారం సాయంత్రం ఐదు నుంచి ఐదూ ఇరవై వరకు ‘మనసు తిప్పుకొనే ఆట’ అని చార్టులో చేర్చి గోడకు అంటించాను. ఫలితాలు ఆశాజనకంగా లేవు.

బుధవారం మూతలు. మొత్తం నలభై మూడు. రంగుల ప్రకారం నాలుగు నిమిషాల్లో వేరు చేసింది. అది బాగానే ఉంది. ‘ఇప్పుడు సైజు’ అనగానే పెద్ద మూతలన్నీ బోర్లించి చిన్న మూతల్ని వాటి కింద దాచిపెట్టింది. “ఏం జేస్తా ఉండావు?” అని అడిగాను. “వానొస్తా ఉండాది తాతా, పిల్ల మూతలు తడిసిపోతాయి కదా” అంది. సూచన పాటించలేదని రాసుకున్నాను.

శుక్రవారం తిరకాసు ఆట. నా వంతు బాగానే జరిగింది. తర్వాత మోహన నన్ను ‘నడువు’ అంది. నేను ఆగిపోయాను. ఇంతలో కోడిపిల్ల కనబడితే ఆమె దాని వెంట పెరట్లోకి పరుగెత్తింది. ఆట ఎట్లా ముగించాలో మీ ఉత్తరంలో లేదు. కాబట్టి నేను నిలబడే ఉన్నాను. అంతలో పాలు పోసే ధనశేఖర్ వచ్చి, “ఏంది సామీ, స్తంభం మాదిరి నిలబడిండావు?” అన్నాడు. నేను ఉలకలేదు. నా ముఖం ముందు చెయ్యి ఆడించి చూశాడు. అప్పుడూ ఉలకలేదు. ఆయన క్యాను అక్కడే పెట్టి వీధిలోకి పరుగెత్తాడు. పదకొండు నిమిషాల తర్వాత మోహన వచ్చి ‘నిలబడు తాతా’ అంటే, అప్పుడు కూర్చున్నాను. అప్పటికి గడప ముందు ఎనిమిది మంది ఉన్నారు. ఎదురింటి చంద్రకాంతమ్మ నా నొసట విభూతి పెట్టింది.

ఆదివారం చెంచా. కలపడానికి, కొలవడానికి అని రెండు ఉపయోగాలు నేను రాశాను. మోహన పదకొండు చెప్పింది. చీమకు పడవ, బొమ్మకు ఊయల, మట్టిలో వేలు నొప్పి పుట్టకుండా గుంత తవ్వేది, వగైరా. పదింటిని వాడుకలో లేవని కొట్టేశాను. ‘బస్సు గేరు’ అన్నదాన్ని మాత్రం ఉద్యోగ గౌరవం దృష్ట్యా ఉంచాను. కాబట్టి పదకొండుకు ఒకటి.

గ్లాసు కూడా మార్చి చూశాను. కొత్త గ్లాసు చూసింది, నా ముఖం చూసింది, మళ్లీ గ్లాసు చూసింది. “పాతదే ఇయ్యి తాతా” అంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇట్లు,
గోవిందయ్య

తా.క. విభూతి పెట్టాక నేను కదిలాను కాబట్టి అది పనిచేసిందని వీధంతా నమ్ముతోంది. చంద్రకాంతమ్మ ఇంటికి ఇప్పుడు మనుషులు వస్తున్నారు.


పలమనేరు,
ఫిబ్రవరి 19.

సార్ గారికి నిస్సీ వందనాలు.

మీ నివేదిక మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వడానికి, ఒకసారి ఆలోచించడానికి. సార్, కోపం తెచ్చుకోకండి. పరీక్షలో మోహనకు పదకొండుకు పదకొండూ వచ్చాయి. సైజు ప్రకారం వేరు చేయమంటే ఆమె పెద్దవీ చిన్నవీ వేరు చేసింది, దానికి ఒక వాన కూడా కలిపింది. మీరు అడిగిన దానికంటే ఎక్కువే చేసింది. ఈ ఆటల్లో పిల్ల రూలు మార్చిందంటే తప్పిందని కాదు, గెలిచిందని. ఆట ముగించడానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. ఎవరో ఒకరు నవ్వితే అయిపోతుంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ గ్లాసు. ఇంత తేలిగ్గా వానను పిలుచుకొచ్చిన పిల్ల గ్లాసు దగ్గర ఎందుకు ఆగిపోయిందో తెలియడం లేదు.

ఈసారి రెండే చేయండి. బడి నుంచి ఇంటికి ఒకరోజు వేరే వీధిలో పోండి. ఇంకోరోజు అరగంట సేపు మోహన తాత, మీరు మోహన. రోజూ మీరు ఆమెకు చేసేవన్నీ ఆమె మీకు చేస్తుంది. ఆ అరగంట నోటుపుస్తకం తీయకండి.

ఉంటాను,
నిస్సీ

తా.క. విభూతి సంగతి మోహన క్లాసులో చెప్పింది. ఎంత పెట్టారో చేతులు చాపి చూపించింది. అంత నొసలు ఎవరికీ ఉండదని పక్కన కూర్చునే పిల్లవాడు వాదించాడు.


పలమనేరు,
ఫిబ్రవరి 27, గురువారం.

నిస్సీ టీచరు గారికి నమస్కారములు.

విషయం: రూటు మార్పు, బాధ్యతల మార్పిడి.

రూటు మార్చేముందు ప్రయాణికులకు తెలపాలి కాబట్టి మోహనకు మూడు రోజుల ముందస్తు నోటీసు ఇచ్చి, గేటుకు కాగితం కూడా అంటించాను. ఆమెకు చదవడం రాదు. అయినా పద్ధతి పద్ధతే. సోమవారం బజారు వీధి వదిలేసి పాల కేంద్రం వెనక సందులోకి తిరిగాం. నలభై అడుగులు పోయామో లేదో, పైపు కోసం గుంత తవ్వి మీద పలక వేసి ఉంది. దాటాలా వద్దా, అవతల దావ ఎటు తేలుతుందో అని నేను నిలబడి చూస్తున్నాను. మోహన నా ముఖం చూసింది. చూసి బోరుమంది. “మన దావనే పోదాం తాతా, నాకు బయం” అని నా చెయ్యి పట్టి లాగింది. వెనక్కి తిరిగాం. బజారు వీధి కనబడగానే ఏడుపు ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు ఆగింది. కొత్త దావ పిల్లకు పడదని ఇంతటితో రుజువైంది.

మంగళవారం బాధ్యతల మార్పిడి. నోటుపుస్తకం తీయలేదు. మరుసటి రోజు రాసుకున్నాను. మోహన నా కుర్చీ ఎక్కి గ్లాసును మైకు చేసుకుని, “గోవిందయ్యా, గోవిందయ్యా, యాడుండావు? టైమయింది, బిరీన రా” అని పిలిచింది. నాకు పాలు తాగించింది. ఇరవై ఏళ్లుగా పాలు ముట్టని మనిషిని. తల దువ్వింది. దువ్వుతూ, “ఈ పొద్దు ఏం జేయాల్నో నీకు తెలీకుంటే నాకు సెప్పు, నేనేమీ అనను” అంది. అది ఆటలో ఏ భాగమో అర్థం కాలేదు.

కోమలి మార్చి తొమ్మిది, ఆదివారం నాడు వస్తోంది. అంతకు ముందే మీ పత్రం చేరాలి.

ఇట్లు,
గోవిందయ్య

తా.క. పాలు తాగాక నా నోటుపుస్తకం తెచ్చి అందులో ఆమె ఒక గీత గీసింది. నేను సకాలంలో తాగినట్టా, ఆలస్యంగా తాగినట్టా తెలియడం లేదు. విచారించి తెలుపగలరు.


పలమనేరు,
ఫిబ్రవరి 28.

సార్ గారికి వందనాలు.

గీత సంగతి విచారించాను. ‘బాగా తాగినాడు’ అని అర్థమట.

సార్, ఒక విషయం మీకు చెప్పాలి. నిన్న మా వంటమనిషి సంతోషమ్మ రాలేదు. గ్లాసులు ఉన్న అలమర తాళం ఆమె దగ్గరే ఉండిపోయింది. రాగి జావ కాగితపు కప్పుల్లో పోశాం. మోహన ఏమంటుందో అని భయపడ్డాను. తాగేసి ఇంకో కప్పు అడిగింది. తన చోట్లో వేరే పిల్ల కూర్చుంటే పోయి కిటికీ పక్కన కూర్చుంది, ‘ఈడ కాకి కనబడతా ఉండాది’ అని మురిసిపోయింది. దావ తప్పిన మేకపిల్ల కథ సగం చెప్పి మిగతాది మీరే చెప్పండి అంటే, మూడు ముగింపులు చెప్పింది. ఒకదాంట్లో మేకపిల్ల కొత్త ఊళ్లోనే చెప్పుల అంగడి పెట్టుకుంది.

ఏ మార్పూ పడదని మీరు రాసే పిల్ల, నేను రోజూ చూసే పిల్ల ఒకరు కారు. ఎక్కడో ఏదో ఉంది. నేను ఊరికే అడిగి చూస్తాను.

ఉంటాను,
నిస్సీ

తా.క. తాగిన కప్పును టోపీ చేసి నా తలకు పెట్టింది. హెడ్మాస్టరు గారితో పావుగంట మాట్లాడాక గుర్తొచ్చింది.


పలమనేరు,
మార్చి 3, సోమవారం.

కుమారి నిస్సీ గారికి,

విషయం: పొరపాటున వేరే పిల్లను పరిశీలించుట గురించి ఫిర్యాదు.

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మీరు రాసిన పిల్ల నా మనవరాలు కాదు. ఇందులో మీ తప్పు ఏమీ లేదని అనుకుంటున్నాను. ఒకే రంగు బస్సులు రెండు పక్కపక్కన ఆగితే, చిత్తూరు పోవలసినవాళ్లు మదనపల్లె బస్సులో కూర్చుని దుప్పటి కప్పుకున్న రోజులు నేను చూశాను. మీ బడిలో ఆడపిల్లలందరూ ఒకే రంగు గౌను వేస్తారు.

కాబట్టి మోహన ఆనవాళ్లు తెలుపుతున్నాను. ఎడమ మోచేతి కింద పుట్టుమచ్చ. కుడి మోకాలి మీద జనవరిలో పడిన గాటు, చింతగింజంత. నవ్వితే ముందు కుడి బుగ్గ నవ్వుతుంది, తర్వాత ఎడమది. నిద్రపోయేటప్పుడు నా చొక్కా గుండీ పట్టుకుంటుంది, ఇది బడిలో పరీక్షించడానికి వీలు పడకపోవచ్చు. వీటన్నిటితో సరిచూసి, అసలు మోహనను గుర్తించి, శుక్రవారంలోగా పత్రం ఇప్పించగలరు.

ఆదివారం కోమలి సంచీ తెస్తానంది. పిల్ల బట్టలు కొన్ని ముందుగానే తీసుకుపోతుందట. మోహన పోతే ఉదయం ఆరూ పదికి నేను లేచి ఏం

(పై వాక్యం పొరపాటున వచ్చింది. కొట్టివేయడమైనది. – గో.)

ఇట్లు,
గోవిందయ్య

తా.క. చెప్పుల అంగడి పెట్టిన మేకపిల్లకు పెట్టుబడి ఎవరిచ్చారు? ఇట్లాంటి కథ మా ఇంటి పిల్ల చెప్పదు.


పలమనేరు,
మార్చి 7.

గోవిందయ్య సార్ గారికి నిస్సీ వందనాలు.

ఆనవాళ్లన్నీ సరిచూశాను. మచ్చ ఉంది. గాటు ఉంది. కుడి బుగ్గే ముందు నవ్వింది. మోహన మోహనే సార్.

నిన్న మధ్యాహ్నం మిగతా పిల్లలు నిద్రపోతుంటే తనను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను, మీకు రికార్డు కావాలి కాబట్టి.

“ఈడ ఏ కప్పులోనైనా తాగుతావే, ఇంట్లో ఆ గ్లాసే కావాలంటావెందుకు?”

“గ్లాసు మారిస్తే తాతకు తిక్కమక్క అయిపోతాది టీచర్.”

“అట్లని తాత చెప్పినాడా?”

“సెప్పడు. మొగం సూస్తే తెలుస్తాది.”

“మరి ఆ సందులో ఎందుకేడ్చినావు? పలక సూసి బయపడినావా?”

“నేను బయపడలే. తాత బయపడినాడు. తాత ఏడవలేడు కదా, అందుకని నేను ఏడిసినా. అప్పుడు తిరిగొచ్చేసినాము.”

తర్వాత ఆమే చెప్పింది. “తాతకు ముందర శానా బస్సులుండె. అన్నీ పోయినాయి. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉండా. నేను టైముకు పోకుంటే పాపం తాత ఏం జేస్తాడు?”

సార్, మనం నెలరోజులుగా ఈ పిల్లకు మనసు తిప్పుకోవడం నేర్పాలని చూశాం. ఆమె అంతకుముందే తన మనసును పూర్తిగా మీ వైపు తిప్పుకుంది. మీకు నచ్చే మోహన ఎలా ఉండాలో కనిపెట్టి, ఇంట్లో ఆ మోహనగా ఉంటోంది. బడికొచ్చి తన మోహనగా ఉంటోంది. ఇంత తెలివైన పిల్లను నేను చూడలేదు. కానీ నాలుగేళ్ల పిల్ల మోయాల్సిన బరువు కాదు సార్ ఇది. మీ మీద గౌరవంతోనే ఈ మాట రాస్తున్నాను.

మోహన ఏ ఊరికైనా పోగలదని పత్రం రాశాను. కవరు అంటించకుండానే పెట్టాను. కోమలి అక్కకు ఇవ్వడమో, చించేయడమో మీ ఇష్టం. నేను ఆమెకు ఫోను చేయను.

ఉంటాను సార్,
నిస్సీ

తా.క. పెట్టుబడి గురించి కూడా అడిగాను. మేకపిల్ల వాళ్ల తాత ఇచ్చాడట.


పలమనేరు,
మార్చి 10.

అమ్మా నిస్సీ,

నీ పత్రం నిన్న కోమలి చేతికిచ్చాను. చించేయాలని రెండుసార్లు అనిపించింది. ఆ మాట కూడా రాసిపెడుతున్నాను.

నా మొదటి ఉత్తరంలో నీకొక సంగతి రాయలేదు. తర్వాతి వాటిలోనూ రాయలేదు. కోమలి తీసుకుపోతానన్నది మోహన ఒక్కదాన్నే కాదు, నన్ను కూడా. “నలుగురికని సూసే ఇల్లు తీసుకున్యాము నాయనా, ఎనక గది నీదే” అని మూడు నెలలుగా చెప్తోంది. గదికి సున్నం కూడా కొట్టించింది. నేనే రానన్నాను. ఎందుకని అడిగితే పిల్లకు పడదన్నాను.

ఈ ఊళ్లో ఇప్పటికీ నేను బజారులో పోతుంటే ‘కంట్రోలరు సామీ, తిరుపతి బస్సు ఎన్నింటికి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. చెప్పి ముందుకు పోతాను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. ఎటు పోతే ఎక్కడ తేలుతానో తెలియని ఊరు. రాత్రింబవళ్లు షిఫ్టుల మీద బతికే ఊళ్లో నేనెవర్ని? ఈ భయం కూతురితో చెప్పుకోవడానికి నామోషీ అయింది. అరవై మూడేళ్ల మనిషి నాకు మార్పు పడదని రాసివ్వమని ఒక చిన్నపిల్లల టీచరును ఎలా అడుగుతాడు? అందుకని మనవరాలి పేరు రాశాను. నేను పంపిన ధ్రువపత్రంలో పేరు ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజమే. నాలుగో వరుసతో సహా.

పిల్లను అడ్డం పెట్టుకుని దాక్కుంటున్నానని తెలుసు. తను నాకు అడ్డం నిలబడుతున్న సంగతి పిల్లకు కూడా తెలుసని మాత్రం నువ్వు రాసేదాకా తెలియదు. అది చదివాక రెండు రోజులు దాని ముఖం చూడలేకపోయాను. నేను చూడకపోతే అదీ ఊరుకోదు కదా, వచ్చి నా గడ్డం పట్టి తిప్పుకుంది.

నిన్న కోమలితో చెప్పాను, నేనూ వస్తానని. అది తలుపు వెనక్కి పోయి ముక్కు తుడుచుకుని వచ్చి, “వరదయ్యపాళెంలో ఉక్క నాయనా, స్వెటర్లు ఈడే పెట్టేసి రా” అంది. ఏప్రిల్ ఇరవై ఐదున పోతున్నాం. ఎన్ని గంటల బస్సుకో ఇంకా అనుకోలేదు.

నువ్వు చల్లగా ఉండాలి తల్లీ.

గోవిందయ్య

తా.క. మోహనకు నేనే చెప్పాను. “నేనూ వస్తా ఉండా. నాకు బయంగానే ఉండాది, అయినా వస్తా. ఇంక నా మొగం సూసి నువ్వేమీ చేయాల్సిన పన్లేదు” అన్నాను. నమ్మాలా వద్దా అని చాలాసేపు నన్నే చూసింది. తర్వాత అంది: “సరే తాతా. అయితే ఆడ నేను ఏడిస్తే, అది నా ఏడుపే.”